పుట్టికి ముందేది, వెనకేది?

"అక్కా, టూ స్ట్రోకు తీసుకుందామా, ఫోర్ స్ట్రోకు తీసుకుందామా? నువ్వు సదువుకున్నదానివి గదా, నువ్వే చెప్పల్ల" అని మా ఊరి నుంచి ఫోనొస్తే, ఎవరో మోపెడ్ కొంటున్నారు కాబోలు అనుకున్నాను. మోపెడ్ కాదట. పడవకి మోటారట!

చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. మాది అనంతపురం సీమ. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే "ఈ ఏడు దేవుడు చల్లగా చూశాడు" అని చెంపలు వేసుకునే జనం మేము. నా చిన్నతనంలో మా ఊరి చెరువు నిండుగా ఉండగా చూసిన ఏళ్ళకంటే, ఆ చెరువు నడిబొడ్డున పిల్లకాయలు క్రికెట్టు ఆడుతుండగా చూసిన ఏళ్ళే ఎక్కువ. అక్కడ పడవా? ఆ పడవకి మళ్ళీ మోటారా?

ఫోను చేసిన కుర్రాడు మా చుట్టమేం కాదు. మా చెరువులో చేపలు పట్టుకు బతికే ఇంటి పిల్లవాడు. నన్ను అక్కా అంటాడు, నేను ఒరే అంటాను. హంద్రీ-నీవా కాలువ వచ్చి, శ్రీశైలం వెనకనుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు 2012లో జీడిపల్లి జలాశయం దాకా చేరాక, మా వైపు కొన్ని చెరువుల జాతకాలు మారాయి. మా చెరువూ వాటిల్లో ఒకటి. వరసగా కొన్నేళ్ళు ఎండకుండా నిలిచింది. సంఘంవాళ్ళు చేపపిల్లల్ని వదిలారు. ఈ మూలనుంచి ఆ మూలకి వలలు వేసుకుంటూ పోవాలంటే తెడ్డుతో చేతులు పడిపోతున్నాయట. ఫైబరు పడవ ఒకటి చూసుకున్నాడు. మోటార్ల బొమ్మలున్న రంగు కాగితాలు రెండు సంపాదించాడు. ఒకటి టూ స్ట్రోకు, రెండోది ఫోర్ స్ట్రోకు. రెండూ 15 హార్స్‌పవర్.

నేను బి.ఏ. చదివాను. కథలూ నవలలూ రాసుకుంటాను. యంత్రాలతో నా పరిచయం మిక్సీ దగ్గర మొదలై మిక్సీ దగ్గరే ఆగిపోయింది. ఆ మాటే వాడితో అంటే, "మిక్సీ గూడా మోటరే గదక్కా" అన్నాడు. ఇంక తప్పించుకునే దారి లేకపోయింది. "రెండురోజులు టైమియ్యరా" అన్నాను. ఆ రెండురోజులు రెండు నెలలయ్యాయి. మోటారు సంగతి తెలుసుకుందామని దిగినదాన్ని చరిత్రలో పడి కొట్టుకుపోయాను.

అసలు మా సీమకి పడవ కొత్తా అంటే, కొత్తేం కాదు. మాకు పుట్టి ఉంది. వెదురుతోనో బెత్తంతోనో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. పూర్వం దానికి కింద తోలు తొడిగేవారు. తర్వాత తారు పూసిన గుడ్డా, ప్లాస్టిక్కు పట్టా వచ్చాయి. సుమారు 1520లో, కృష్ణదేవరాయల కాలంలో, విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొంది రేవు దగ్గర తుంగభద్రమీద ఈ పుట్టెల్నే చూసి ఆశ్చర్యపోయాడు. లోపల బెత్తం, పైన తోలు, ఒక్కోదానిలో పదిహేను, ఇరవై మంది, అవసరం పడితే గుర్రాలూ ఎద్దులూ కూడా దాటుతాయని రాసుకున్నాడు. ఇవి తిన్నగా పోలేవు, గిరగిరా తిరుగుతూనే పోతాయని కూడా రాశాడు. అయిదువందల ఏళ్ళు గడిచినా పుట్టి తన స్వభావం మార్చుకోలేదు. ఇప్పటికీ అంతే, తిరుగుతూనే పోతుంది.

దాన్ని తక్కువ చూపు చూడకండి. తర్వాత వాటర్లూలో నెపోలియన్ని ఓడించిన వెలింగ్టన్, ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్న రోజుల్లో, 1803లో మరాఠాలమీదికి వెళ్తూ తన సైన్యం నదులు దాటడానికి ఇలాంటి బుట్టపడవలే చేయించాడు. ఎక్కడికక్కడ వెదురూ తోలూ దొరికితే చాలు, పడవ తయారు. పని అయిపోయాక నెత్తిన బోర్లించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. నీళ్ళు వచ్చినప్పుడు దింపి, ఎండిపోయినప్పుడు గోడకి చేరవేసే పడవ మా కరువుసీమకి అచ్చంగా సరిపోయింది.

ఒక్క చిక్కే ఉంది. అవుట్‌బోర్డు మోటారు తగిలించడానికి పడవకి వెనకవైపు చదునైన పలక ఉండాలి. బొమ్మ చూస్తే మీకే తెలుస్తుంది. పైన ఇంజను, మధ్యలో నిలువుగా ఒక గొట్టం, అడుగున నీళ్ళలో రెక్కలు. రెండు మరలు బిగిస్తే ఆ పలకకి అంటిపెట్టుకుంటుంది. మరి పుట్టికి ముందేది, వెనకేది? మా కుర్రాడు ఫైబరు పడవ చూసుకోవడానికి కారణం ఇదే. పడవకి వీపు ఉంటేగాని మోటారు ఎక్కదు.

ఇక టూ స్ట్రోకు అంటే ఏమిటి? దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. మీకు నాలుగు మాటల్లో చెప్తాను.

ఇంజను లోపల పిస్టన్ పైకో కిందికో ఒకసారి పోవడాన్ని స్ట్రోకు అంటారు. ఫోర్ స్ట్రోకు ఇంజనుది పద్ధతైన ఇల్లు. ఒక స్ట్రోకులో పెట్రోలు గాలిని పీలుస్తుంది, రెండోదాంట్లో నొక్కుతుంది, మూడోదాంట్లో అది మండి తోస్తుంది, నాలుగోదాంట్లో పొగ బయటికి వదులుతుంది. ఏ పని వేళకి ఆ పని. టూ స్ట్రోకుకి అంత తీరిక లేదు. పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోలు గాలి లోపలికి దూరుతుంది. నాలుగు పనుల్నీ రెండు ఊపుల్లో కానిచ్చేస్తుంది.

పెళ్ళిళ్ళలో రెండో బంతికి జనం తొక్కిడి పడుతున్నప్పుడు ఏం చేస్తామో గుర్తుందా? మొదటి బంతివాళ్ళ విస్తళ్ళు ఒక పక్క తీస్తూంటే, ఇంకో పక్క కొత్త విస్తళ్ళు వేసి వడ్డించేస్తూ ఉంటాం. పని తొందరగా తెములుతుంది, నిజమే. కాని ఆ హడావుడిలో ఎంగిలి విస్తళ్ళతోపాటు అప్పుడే వడ్డించిన అన్నం కూడా కొంత కుప్పలోకి పోతుంది. టూ స్ట్రోకులోనూ అంతే. మండిన పొగతోపాటు మండని పెట్రోలు కొంత బయటికి పోతుంది. పాతకాలం కార్బ్యురేటరు మోటార్లలో ఈ దండగ నాలుగో వంతు దాకా ఉంటుంది. అంటే నాలుగు లీటర్లు పోస్తే, ఒక లీటరు దాకా చెరువుకి నైవేద్యం పెట్టినట్టే.

ఈ రెండు ఊపుల ఇంజనుకి ఆద్యుడు డుగాల్డ్ క్లార్క్ అనే స్కాట్లండు ఆయన. 1878 నుంచి కష్టపడి 1881లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని మామూలు మనుషుల చేతికి అందేంత తేలిక చేసినవాడు ఇంగ్లండులో బాత్ నగరపు జోసెఫ్ డే, 1891లో. ఆ దారిలో చివరికి వాల్వులు లేకుండా పోయాయి. పిస్టన్ కిందున్న గదినే గాలితిత్తిలా వాడి కొత్త సరుకుని పైకి తోయించాడు. లోపల కదిలేవి మూడే ముక్కలు మిగిలాయి: పిస్టను, దాని కడ్డీ, తిరిగే ఇరుసు. అయితే ఆ కింది గదిలోంచే పెట్రోలు పోతుంది కాబట్టి అక్కడ ఆయిలు నిలవ పెట్టడానికి చోటు లేదు. అంచేత ఆయిల్ని పెట్రోల్లోనే కలిపి పోయాలి. 50 పాళ్ళకి 1 పాలు అంటే, పది లీటర్ల పెట్రోలుకి 200 మిల్లీలీటర్లు. పాత మోటార్లకైతే అంతకు రెట్టింపు కావాలి. ఆ ఆయిలూ పెట్రోలుతోపాటే కాలుతుంది. నీలంపొగ దానిదే.

ఇక్కడికి వచ్చేసరికి నాకు జ్ఞానోదయం అయింది. ఇది మాకు తెలియని సరుకేం కాదు! 1980లో టీవీఎస్ 50 వచ్చింది చూడండి, అదే ఇది. మా జిల్లాలో శనక్కాయ మూట, గొర్రెపొట్టేలు, పాలక్యాను, ఇద్దరు పిల్లలు, పెళ్ళాం, అందర్నీ మోసిన ఆ చిన్న మోపెడ్ టూ స్ట్రోకే. పెట్రోలు బంకు దగ్గర పక్కన నిలబెట్టిన ఆయిలు పంపు, "ఆయిలు గూడా కలుపన్నా" అనే కేక, వెనక నీలంపొగ, ఇవన్నీ వింటూ చూస్తూ పెరిగినదాన్నే నేనూ. చెడిపోతే మా వీధి చివర మెకానిక్కు చెట్టుకిందే విప్పి, చెట్టుకిందే బిగించేవాడు. మూడు ముక్కల మహిమ అది. 2015లో ఫోర్ స్ట్రోకు ఎక్సెల్ వచ్చేదాకా దాని రాజ్యమే. "టూ స్ట్రోకైతే మన ఊరి మెకానిక్కే చూసుకుంటాడక్కా" అని మా కుర్రాడు అన్నదీ ఇందుకే. వాడి లెక్క తప్పని ఎలా అంటాను?

సరే, ఈ ఇంజను పడవ వెనక్కి ఎలా చేరింది? ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన కథ.

నార్వేలో 1877లో పుట్టిన ఓలే ఎవిన్‌రూడ్‌కి అయిదేళ్ళప్పుడు వాళ్ళ కుటుంబం అమెరికాలోని విస్కాన్సిన్‌కి వలసపోయింది. పెద్దయ్యాక మిల్వాకీ ఊళ్ళో యంత్రాల అచ్చులు తయారుచేసే పనిలో కుదురుకున్నాడు. చేతి నైపుణ్యం మెండు, మాట నేర్పు తక్కువ. బెస్ కేరీ అనే అమ్మాయి ఆయన ఉత్తరాలూ లెక్కలూ చూసిపెట్టేది. తర్వాత ఇద్దరికీ పెళ్ళయింది. ఒకరోజు సరస్సు ఒడ్డున వనభోజనానికి వెళ్తే బెస్ ఐస్‌క్రీం అడిగిందట. ఆయన పడవ వేసుకుని తెడ్లు వేస్తూ అవతలి ఒడ్డుకి పోయి కొనుక్కొచ్చేసరికి, ఎండకి అది కాస్తా పాయసమైపోయింది. పడవకి మోటారు పెట్టాలన్న పంతం అప్పుడు పుట్టిందని చెప్పుకుంటారు. ఆయన చేసిన మోటారుని మొదట చూసినప్పుడు, కాఫీగింజలు విసిరే మిల్లులా ఉందని అంది ఆ ఇల్లాలు.

ఆయనకంటే ముందే 1905 ప్రాంతంలో కేమరన్ వాటర్‌మన్ అనే లా విద్యార్థి ఇలాంటి మోటారు చేశాడు. కాని లోకమంతా పాకించింది ఎవిన్‌రూడ్ దంపతులే. 1909లో అమ్మకాలు మొదలుపెట్టారు. ఒకటిన్నర హార్స్‌పవర్, 62 పౌన్ల బరువు, అంటే మన లెక్కలో 28 కిలోలు. అది టూ స్ట్రోకే. మోటారు ఆయనదైతే, వ్యాపారం ఆమెది. తెడ్లు అవతల పారెయ్యండని జనానికి చెప్పే ప్రకటన రాసింది ఆమే, వచ్చిపడ్డ ఉత్తరాలకి జవాబులు రాసిందీ ఆమే. పని ఒత్తిడికి ఆమె ఆరోగ్యం పాడైతే, 1914లో ఆయన కంపెనీలో తన వాటా అమ్మేసుకుని భార్యతో ఊళ్ళు తిరిగాడు. కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చి, అల్యూమినియంతో తేలికపాటి మోటారు చేసి, మరో కంపెనీ పెట్టాడు. 1933లో ఆమె, 1934లో ఆయన పోయారు. మోటారు పేరు చెప్తే ఆయన పేరే వినిపిస్తుంది. ఆ ఉత్తరాలు రాసిన చెయ్యి నాకు మాత్రం కళ్ళకి కట్టినట్టుంది.

నార్వేలో పుట్టినవాడి కథ కాబట్టి, నార్వే మన దేశానికి వచ్చిన కథా చెప్పాలి. 1952లో ఐక్యరాజ్యసమితి, మన ప్రభుత్వం, నార్వే కలిసి ఒప్పందం చేసుకుని, మరుసటేడు నుంచి కేరళలో కొల్లం దగ్గర నీండకర, శక్తికులంగర గ్రామాల్లో మరపడవల పథకం నడిపాయి. అవి కడుపులోనే డీజిలు ఇంజను ఉన్న పడవలు. వెనక తగిలించే మోటార్ల సందడి కేరళ చిన్నపడవల్లో ముమ్మరమైంది 1980ల్లో. జపాను మోటార్లు, అమెరికా మోటార్లు. పెట్రోలు మన జాలరికి అందే సరుకు కాదు కాబట్టి, పెట్రోలుతో మొదలుపెట్టి వేడెక్కాక కిరోసిను మీదికి మార్చుకునే రకం వ్యాప్తిలోకి వచ్చింది. దాంతో వేట ముందుకన్నా దూరం సాగింది. ఇంధనం కోసం అప్పు కూడా పెరిగింది. చేప పడినా పడకపోయినా మోటారు తాగేది తాగాల్సిందే గదా.

మన కోస్తా తెప్పలవాళ్ళది వేరే కథ. తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టింది. కెరటం మీంచి కెరటం దాటి ఇసకమీదికి ఎక్కాలి. మద్రాసు కేంద్రంగా 1979లో మొదలైన బంగాళాఖాత పథకం, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ నడిపింది, మన ఉప్పాడలాంటి తీరాల్లో కెరటాలు దాటే పడవల కోసం ప్రయోగాలు చేసింది. పోనుపోనూ మనవాళ్ళు ఎక్కువగా మొగ్గింది చిన్న డీజిలు ఇంజనుకి పొడుగాటి కడ్డీ తగిలించి చివర రెక్కలు పెట్టిన మోటారువైపు. దాన్ని తోకలా పైకెత్తవచ్చు, దించవచ్చు. ఇసక తగిలితే ఎత్తేస్తారు. డీజిలు తక్కువ తాగుతుంది, ఆయిలు కలిపే బాధ లేదు. చప్పుడూ అదురూ మాత్రం భరించాలి.

చూశారా? ఒకే అవసరం, మూడు తీరాలు, మూడు మోటార్లు. విస్కాన్సిన్ సరస్సుకి పెట్రోలు, కేరళ కడలికి కిరోసిను, మన తెప్పకి డీజిలు తోక. ఏ నీళ్ళని బట్టి ఆ మోటారు. మరి మా చెరువు ఎలాంటి నీళ్ళు?

ఇక్కడే నాకు భయం మొదలైంది.

అమెరికాలో టాహో అని ఒక పెద్ద సరస్సుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయని పేరు. ఆ నీళ్ళు తాగునీళ్ళు కూడా. మండని పెట్రోలు అందులో కలుస్తోందని తేలి, 1999 జూన్ 1 నుంచి పాత కార్బ్యురేటరు టూ స్ట్రోకు మోటార్లని ఆ సరస్సులో వాడకూడదని నిషేధించారు. అంతకుముందే 1996లో అమెరికా ప్రభుత్వం కొత్త అవుట్‌బోర్డు మోటార్ల పొగ తగ్గించాలని నిబంధనలు చేసి, 2006కల్లా పూర్తిగా అమలవ్వాలంది. కంపెనీలు పెట్రోల్ని తిన్నగా సిలిండరులోకి చిమ్మే కొత్తరకం టూ స్ట్రోకులు చేశాయి. అంటే విస్తళ్ళు తీసేశాకే వడ్డించడమన్నమాట. ఎవిన్‌రూడ్ పేరుతో కూడా ఆ రకం వచ్చింది. అయినా ఫోర్ స్ట్రోకుల ముందు నిలవలేదు. 2020లో ఆ పేరు మీద మోటార్ల తయారీయే ఆగిపోయింది. తెడ్లు పారెయ్యమన్న కంపెనీకి నూటపదకొండేళ్ళ ఆయుష్షు. పాతరకం టూ స్ట్రోకులు మాత్రం మనలాంటి దేశాల కోసం ఇంకా తయారవుతూనే ఉన్నాయి. మా కుర్రాడి చేతిలో ఉన్న రంగుకాగితం ఆ పాతరకానిదే.

సముద్రం పెద్దది. ఎంత పోసినా కనబడనివ్వదు. మా చెరువు అలాంటిది కాదు. వేసవి వచ్చేసరికి సగానికి సగం కుంచించుకుపోతుంది. పోసిన పెట్రోలు ఎక్కడికి పోవాలి? మా సీమ భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉందనే కదా, 1995-96ల్లో సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకి పైగా ఊళ్ళకి గొట్టాలు వేసింది! చిత్రావతి, పెన్నహోబిలం జలాశయాల నీళ్ళు అలా మా బిందెల్లోకి వచ్చాయి. బోరులో విషం ఉందని జలాశయం నీళ్ళు తాగే జనం, ఆ నీళ్ళలో నాలుగో వంతు పెట్రోలు వదిలే మోటారు దింపడమా?

అలాగని టూ స్ట్రోకుని తీసిపారేయడానికీ నాకు మనసొప్పలేదు. కారణం చెప్తాను.

మా సీమకి నీళ్ళు లేకపోవడం ఒక కష్టం, ఉన్నట్టుండి రావడం ఇంకో కష్టం. బుక్కరాయసముద్రం చెరువుకి గండి పడబోతే ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మీకు తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యం చేసింది ఆ కథనే. నీళ్ళకి మొహం వాచిన దేశంలో నీళ్ళెక్కువై పోయిన ఇల్లాలు ఆవిడ. ఆ కథ పాతబడలేదు. 2021 నవంబరు 19న చిత్రావతి వరదలో పదిమంది చిక్కుకుపోతే, వైమానికదళం హెలికాప్టరు వచ్చి ఎత్తుకుపోవాల్సి వచ్చింది. ముందు కారులో నలుగురు, వాళ్ళని కాపాడడానికి జేసీబీలో వెళ్ళినవాళ్ళు మిగతావాళ్ళు! 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం పట్టణంలో కాలనీలే మునిగాయి. వీధుల్లో పడవలు తిరిగాయి.

అలాంటప్పుడు కావలసిన మోటారు ఏది? ఇద్దరు మనుషులు పరుగెత్తుతూ మోసుకుపోగలిగేది, తాడు లాగగానే పలికేది. 15 హార్స్‌పవర్ టూ స్ట్రోకు ఇంచుమించు 36 కిలోలుంటే, అదే శక్తి ఉన్న ఫోర్ స్ట్రోకు 50 కిలోలు ఉంటుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ 14 కిలోలు పెద్ద తేడాయే. ఏడాదికి నాలుగు రోజులు, మనిషిని ఒడ్డుకి చేర్చడానికి అది తాగే పెట్రోలు ఎవరూ లెక్కపెట్టరు. రోజూ చేపలకి పోవడం వేరు, అప్పుడు ప్రతి చుక్కా లెక్కే.

నేను ఇంత తవ్విపోశాక, ఒకరోజు పాత పత్రికల్లో ఇంకో సంగతి కళ్ళబడింది. చదివినదే, మరిచిపోయాను. 2017 ఏప్రిల్ 28న, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో షికారుకని ఎక్కిన బంధువుల పడవ బోల్తా పడింది. పదిమందికి పైగా పోయారు. పసిపిల్లలు ఉన్నారు వాళ్ళలో. పట్టేవాళ్ళకన్నా ఎక్కువమంది ఎక్కారు. ఆ రోజు ఆ పడవకి మోటారు ఉందా, అది రెండు ఊపులదా నాలుగు ఊపులదా అని ఎవరడుగుతారు? ఒక్కొక్కరి ఒంటిమీద తేలే జాకెట్టు ఉందా అన్నదొక్కటే అడగాల్సింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకి నీళ్ళంటే ఏమిటో తెలుసు. మా పిల్లలకి తెలీదు. మాకు నీళ్ళు పండగ. చెరువు నిండితే గంగమ్మకి పూజ చేసి, పసుపూ కుంకుమా చల్లి, పిల్లల్ని చంకనేసుకుని చూడ్డానికి పోతాం. పడవ కనబడితే ఎక్కకుండా ఉండగలమా? ఈత వచ్చినవాళ్ళు ఇంటికి ఒకరు ఉండరు. ఎక్కడ నేర్చుకుంటాం చెప్పండి? ఎండిన చెరువులోనా?

మర్నాడు వాడికి ఫోను చేశాను.

"ఒరే, 15 హార్స్‌పవర్ ఎందుకురా మన చెరువుకి?"

"ఆ కాయితంలో అదే ఉండాదక్కా."

"కాయితం సముద్రానికి రాశారు. నువ్వొక్కడివీ, నీ వలా పోవడానికి అయిదారు చాలు. చిన్న ఫోర్ స్ట్రోకు చూసుకో. పాతిక కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఆయిలు కలపక్కర్లేదు, పెట్రోలు నీళ్ళపాలవదు. వేళకి ఆయిలు మార్చుకో, చాలు."

"రిపేరొస్తే?"

అది మంచి ప్రశ్న. చెట్టుకింద మెకానిక్కు వాల్వులున్న మోటారు ముట్టుకుంటాడా అని నాకూ అనుమానమే. కాని ఆ చెట్టుకిందే ఇప్పుడు ఫోర్ స్ట్రోకు మోపెడ్లు విప్పుతున్నారని వాడే ఒప్పుకున్నాడు. అంతకన్నా పెద్ద భయం మా చెరువు అడుగుదే. ఎండిన ఏళ్ళలో లోపలంతా తుమ్మచెట్లు లేచాయి. నీళ్ళొచ్చాక అవి మునిగి మోడులై నిలబడి ఉన్నాయి. రెక్కలు వాటికి తగిలాయంటే పని అయిపోయినట్టే. పైగా ఈ మోటార్లు చెరువు నీళ్ళనే లోపలికి పీల్చుకుని ఒళ్ళు చల్లార్చుకుంటాయి. నీళ్ళు తగ్గి బురద మిగిలినప్పుడు నడిపితే ఆ గొట్టం పూడుకుపోయి ఇంజను కాలి కూర్చుంటుంది. ఇందులో టూ స్ట్రోకూ ఫోర్ స్ట్రోకూ అన్న భేదం లేదు. అది చెప్పాను.

"అయితే ఎండాకాలం మోటరు తీసేసి తెడ్డే" అన్నాడు.

"తెడ్డే. ఇంకో మాట. పెద్ద మోటారుకి పెట్టే డబ్బులో మిగిలినదాంతో తేలే జాకెట్లు కొను."

కాసేపు మాట్లాడలేదు. "ఎన్ని కొనల్ల?"

"పడవలో ఎంతమందిని ఎక్కిస్తావో అన్ని. ఒక్కటి తక్కువైనా ఆ ఒక్కర్నీ ఒడ్డునే దింపెయ్యి, వాళ్ళు మీ మామైనా సరే, నేనైనా సరే."

నవ్వాడు. తర్వాత నెమ్మదిగా, "ఎర్రతిమ్మరాజు చెరువు గుర్తొచ్చిందా అక్కా" అన్నాడు. వాడు మరిచిపోలేదు. నేనే మరిచిపోయాను.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు చూశాను. చిన్న మోటారు. వాళ్ళ పంచలో గోనెసంచి కప్పుకుని చెక్కబల్లకి బిగించి ఉంది. పక్కన మేకుకి ఆరు నారింజరంగు జాకెట్లు. సాయంత్రం కాగానే రెండు మరలూ వదులు చేసి, మోటార్ని మోపెడ్ వెనక కట్టుకుని ఇంటికి తెచ్చేసుకుంటాడట.

"చెరువు మళ్ళీ ఎండిపోతే ఏం చేస్తావురా దీన్ని?" అన్నాను.

"ఇట్లనే గోనెసంచి కప్పి పెడతా. నీళ్ళొచ్చిన్నాడు తీస్తా" అన్నాడు, బోరు ఎండితే మోటారు పైకి తీసి దాచుకునే మా రైతుల మాటే.

గోడకి చేరవేసి ఉన్న పాత పుట్టి వైపు చూపించాను. "మరి దాన్నేం చేస్తావు?"

"అదేడికి పోతాదక్కా! దానికి ఆయిలు గూడా వద్దు" అన్నాడు.